క్లోమ క్యాన్సర్ పరిశోధనలో ఫైబ్రోబ్లాస్టులు: పళ్ళెం మారితే కణం మారుతుంది

క్లోమ క్యాన్సర్ గడ్డను పలుచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే, క్యాన్సర్ కణాల కన్నా వాటిని చుట్టుముట్టిన పీచు కణజాలమే ఎక్కువగా కనిపిస్తుంది. కొన్ని గడ్డల్లో దాని వాటా 80 నుంచి 90 శాతం దాకా ఉంటుంది. కొల్లాజెన్ వంటి పదార్థాలతో ఈ పీచును అల్లే ఫైబ్రోబ్లాస్టులను పక్కనపెట్టి, క్యాన్సర్ కణాలను మాత్రమే పెంచి మందులను పరీక్షిస్తే, ఆ మందు అసలు గడ్డలో ఎదుర్కొనే పరిస్థితి మన లెక్కలోకి రాదు. అందుకే గడ్డకు చెందిన ఫైబ్రోబ్లాస్టులను, అంటే పరిశోధకులు క్లుప్తంగా క్యాఫ్‌లు అనే కణాలను, ప్రయోగశాలలో పెంచడం మొదలైంది. అయితే వాటిని ఎలా పెంచుతున్నామన్నదే అవి ఏ కణాలుగా మారతాయో చాలావరకు నిర్ణయిస్తుంది.

ఆరోగ్యవంతమైన క్లోమంలో స్టెల్లేట్ కణాలు (ఉత్తేజితమైతే ఫైబ్రోబ్లాస్టులుగా మారే నక్షత్రాకారపు కణాలు) విటమిన్-ఎ ఉన్న కొవ్వు బిందువులను దాచుకుని నిద్రాణంగా ఉంటాయి. వాటిని వేరుచేసి పెంచే పద్ధతులను 1998లో రెండు బృందాలు విడివిడిగా ప్రచురించాయి. వేరుచేసిన కణాలను మామూలు ప్లాస్టిక్ పళ్ళెంలో వేస్తే, కొద్ది రోజుల్లోనే ఆ కొవ్వు బిందువులు మాయమై, కణం ఉత్తేజితమైందనడానికి గుర్తైన ఆల్ఫా స్మూత్ మజిల్ ఆక్టిన్ అనే ప్రోటీన్ పుట్టుకొస్తుంది. క్లోమ కణజాలం కన్నా ప్లాస్టిక్ లక్షల రెట్లు గట్టిది కనుక, ఆ గట్టిదనమే కణాన్ని ఉత్తేజపరుస్తుంది. శస్త్రచికిత్సలో తీసిన గడ్డ ముక్కను సన్నగా తరిగి పళ్ళెంలో ఉంచినప్పుడు అంచుల నుంచి పాకి వచ్చే కణాలైతే అప్పటికే ఉత్తేజితమై ఉంటాయి.

అలా వచ్చినవి నిజంగా ఫైబ్రోబ్లాస్టులేనా అని తేల్చుకోవడం తరువాతి పని. వాటికి మాత్రమే పరిమితమైన గుర్తు ఒక్కటీ లేదు. ఫైబ్రోబ్లాస్టుల వంటి కణాల్లో కనిపించే వైమెంటిన్ ప్రోటీన్ ఉండాలి, క్యాన్సర్ కణాల్లో కనిపించే కెరాటిన్ ప్రోటీన్ ఉండకూడదు అన్నది సాధారణ నియమమే గాని, కొన్ని క్యాన్సర్ కణాలు కూడా ఫైబ్రోబ్లాస్టుల రూపు దాల్చి వైమెంటిన్‌ను చూపుతాయి. ఈ క్యాన్సర్‌లో 90 శాతానికి పైగా గడ్డల్లో కేరాస్ జన్యువులో మార్పు ఉంటుంది కనుక, అసలు గడ్డలో ఆ మార్పు ఉండి, పెంచిన కణాల్లో లేదని చూపే పరీక్షనే నేను ఎక్కువగా నమ్ముతాను. ఈ కణాలు కొన్ని తరాల తరువాత వృద్ధాప్యంలోకి జారుకుని విభజన ఆపేస్తాయి. వాటి ఆయుష్షును, క్రోమోజోముల కొసలు అరిగిపోకుండా కాపాడే టెలోమెరేజ్ జన్యువుతో పొడిగించవచ్చు. ఎస్‌వీ40 వైరస్‌కు చెందిన యాంటిజెన్ అనే ప్రోటీన్ కూడా ఆ పని చేస్తుంది గాని, అది కణవిభజనను అదుపులో ఉంచే పీ53 ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది కనుక కణవిభజనను అధ్యయనం చేసేవారికి తగినది కాదు.

2017లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలకు చెందిన ట్యూవెసన్ బృందం స్టెల్లేట్ కణాలను మాట్రిజెల్ అనే మెత్తని ప్రోటీన్ జెల్‌లో, గడ్డ కణాల నుంచి పెంచిన చిట్టి త్రిమితీయ నమూనాలైన ఆర్గనాయిడ్లతో కలిపి పెంచినప్పుడు చిత్రం మారింది. క్యాన్సర్ కణాలను ఆనుకుని ఉన్నవి ఆక్టిన్ నిండిన మైక్యాఫ్‌లుగానూ, దూరంగా ఉన్నవి ఐఎల్-6 వంటి వాపు సంకేతాలను వెలువరించే ఐక్యాఫ్‌లుగానూ తేలాయి. టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీన్ కణాలను మొదటి రకం వైపు, ఐఎల్-1 అనే మరొకటి రెండో రకం వైపు నెడతాయని 2019లో తెలిసింది. రోగనిరోధక కణాలు గుర్తించే ప్రోటీన్ ముక్కలను, అంటే యాంటిజెన్‌ను, ప్రదర్శించే మూడో రకం కూడా అదే ఏడాది వెలుగులోకి వచ్చింది. దానిని గడ్డ నుంచి వేరుచేసి చదునైన పళ్ళెంలో పెంచితే ఆ లక్షణాన్ని పోగొట్టుకుని మైక్యాఫ్‌లా మారిపోయింది. అంటే ప్లాస్టిక్ మీద ఏళ్ల తరబడి మనం చూసినది ఎక్కువగా ఒక్క ముఖమే. ఆక్టిన్ ఉన్న కణాలను ఎలుకల్లో తొలగించినప్పుడు గడ్డలు తగ్గకపోగా మరింత ఉగ్రరూపం దాల్చాయని 2014లోనే తేలింది. ఫైబ్రోబ్లాస్టులన్నీ క్యాన్సర్‌కు తోడ్పడేవేనన్న ఊహ అక్కడే బలహీనపడింది.

ప్రతి ప్రశ్నకూ ఆర్గనాయిడ్లు తప్పనిసరి అని మాత్రం నేను అనను. స్టెల్లేట్ కణాలు పెరిగిన ద్రావణాన్ని క్యాన్సర్ కణాలకు అందిస్తే వాటి ఆక్సిజన్ వినియోగం పెరగడాన్ని గమనించిన ఒక బృందం, అందుకు కారణం స్టెల్లేట్ కణాలు ఆటోఫేజీ (కణం తన భాగాలను తానే జీర్ణించుకోవడం) ద్వారా విడుదల చేసే అలనిన్ అనే అమైనో ఆమ్లమని 2016లో నిరూపించింది. ఆటోఫేజీని అడ్డుకున్న స్టెల్లేట్ కణాలను క్యాన్సర్ కణాలతో కలిపి ఎలుకల్లో ప్రవేశపెట్టినప్పుడు గడ్డల పెరుగుదల తగ్గింది కూడా.