బౌల్‌లో తాపీ పని

మా అక్క కొడుకుకి తోడుగా స్కేట్‌పార్కుకు వెళ్లాను. ఊరందరికీ ఉచితం. టికెట్టూ లేదు, గేటు దగ్గర ఆపేవాళ్లూ లేరు. వాడి ధ్యాస స్కేట్‌బోర్డు మీద, నాదేమో కాంక్రీటు మీద. సైట్ ఇంజనీరుని కదా, ఆ జబ్బు ఎక్కడికెళ్లినా వదలదు.

చదునుగా ఉండే ఫ్లోరింగ్‌కైతే నునుపు చేయడానికి మిషన్ ఉంటుంది. చుట్టూ వంపు తిరిగి లోపలికి దిగే బౌల్‌లో అది పనికిరాదు. వంచి కట్టిన ఇనుము మీద షాట్‌క్రీట్, అంటే గాలి ఒత్తిడితో చిమ్మే కాంక్రీటు, గొట్టంతో కొడతారు. వంపు కొలతకు కోసిన బద్దతో లాగి, బిగుసుకునేలోపు తాపీతో చేత్తోనే నునుపు తేవాలి. తొందరపడితే పచ్చి కాంక్రీటు కిందికి జారుతుంది, ఆలస్యమైతే తాపీకి లొంగదు. ఎవరూ లేనప్పుడు దిగి గోడ మీద అరచేత్తో పైనుంచి కిందిదాకా రాసి చూశాను. ఎక్కడా తాపీ గీత తగల్లేదు. ఇంత పనితనం ఖరీదైన బిల్డింగుల్లో కూడా అరుదు, ఒట్టు!

ఈ నునుపు అందం కోసం కాదు. పార్కుల్లో వాడే చక్రాలు సుమారు 50-60 మిల్లీమీటర్లు ఉంటాయి, పైగా గట్టివి. చిన్న గులకరాయి అడ్డుపడితే చాలు, బోర్డు ఆగిపోతుంది. మనిషి ఆగడు.

1976-77లో కాలిఫోర్నియాలో కరువొచ్చి ఇళ్లలోని ఈతకొలనులు ఖాళీ అయితే, కుర్రాళ్లు గోడలు దూకి వాటిలో స్కేటింగ్ చేశారు. బౌల్‌కి ఈ ఆకారం ఆ కొలనుల నుంచే వచ్చింది. అంచున కాస్త ముందుకు పొడుచుకొచ్చే కోపింగ్ కూడా అక్కడిదే. ఇక్కడ దానికి ఇనుప పైపు వాడారు. వంగి దాని వెల్డింగ్ చూస్తుంటే వెనకనుంచి కేక:

"పిన్నీ, అక్కడ నిలబడకు! దిగేది అక్కడినుంచే!"

పక్కకు జరిగాను. అక్కడ ఎవరూ ఈల వెయ్యరు, పేర్లు పిలవరు. ఒకరు పైకి రాగానే ఇంకొకరు బోర్డు తోకను, అంటే వెనక కొసను, కోపింగ్ మీద ఆనిస్తారు, అదే వంతు. మధ్యలో దూరినవాడికి మాత్రం చూపులతోనే అక్షింతలు పడతాయి.

అడుగున నీళ్లు పోయే జాలీ పక్కన ఒకచోట పెచ్చు లేస్తే, ఎవరో పైపైన సిమెంటు మెత్తి వదిలేశారు. "దాన్ని తప్పించుకుని వెళ్లడం మాకు అలవాటేలే" అన్నాడు వాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. దెబ్బతిన్నంత మేరా అంచులు నిటారుగా కోసి, దుమ్ము దులిపి, పాతదానికి కొత్తది అతుక్కునేలా బాండింగ్ కోటు వేసి నింపాల్సిన చోటది. పల్చగా రాసిన సిమెంటు చక్రాల దెబ్బలకు ఎన్నాళ్లు నిలుస్తుంది?