ఒకే ఫోటో, రెండు ఫైళ్లు

మా అమ్మమ్మ నవ్వుతున్న ఫోటో ఒకటి ఉంది. దాన్ని 18×12 అంగుళాల సైజులో ప్రింట్ తీయించి గోడకు పెట్టాలని ఎన్నాళ్లుగానో అనుకున్నాను. తీరా ప్రింట్ చేతికొచ్చాక చూస్తే, కళ్ల చుట్టూ ఉండే ముడతలన్నీ అలికేసినట్టు కలిసిపోయాయి. ఆ ముడతల వల్లే ఆ ఫోటో అంటే నాకంత ఇష్టం.

ల్యాబ్ తప్పేమీ లేదు. వెబ్‌సైట్‌లో పెట్టడానికని 1600 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించిన కాపీనే నేను ప్రింట్‌కు పంపాను. 1600ని 18తో భాగిస్తే అంగుళానికి 89 పిక్సెళ్లు కూడా రావు. చేతిలో పట్టుకుని చూసే ప్రింట్‌కు 300 ఉంటే బాగుంటుంది. గోడ మీద కాస్త దూరం నుంచి చూసేదానికి 150, 200 ఉన్నా సరిపోతుంది.

పంపే ముందు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రిజల్యూషన్ (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లన్నది) అన్నచోట 72 కనిపిస్తే 300 అని మార్చాను, పనైపోయిందనుకున్నాను. ఆ అంకె ఫైలుకు అంటించిన చీటీ లాంటిది. చీటీ మీద అంకె మారిస్తే పిక్సెళ్లు పెరగవు. బ్రౌజర్ అయితే ఆ అంకెను చూడనే చూడదు. వెబ్‌కు 72 ఉండాలని ఇప్పటికీ చెబుతుంటారు గానీ, చూడాల్సింది పొడవు వెడల్పుల్లో ఎన్ని పిక్సెళ్లున్నాయన్నదే. రీశాంపిల్ అనే ఆప్షన్‌తో పిక్సెళ్ల సంఖ్యే పెంచినా, సాఫ్ట్‌వేర్ చుట్టూ ఉన్న పిక్సెళ్లను బట్టి మధ్యవి అంచనాగా నింపుతుందంతే. పోయిన ముడతలు అలా తిరిగి రావు.

కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలు కోసం పాత హార్డ్ డిస్క్‌లన్నీ వెతికాను. దొరికేదాకా టెన్షనే. దొరికింది, 6000×4000! 18 అంగుళాలకు లెక్కేస్తే 333. ప్రాణం లేచొచ్చింది.

ఈసారి పెద్దది వేయించే ముందు 6×4లో ఒక చిన్న ప్రింట్ తీయించాను. స్పష్టంగా ఉంది కానీ ముఖం చీకట్లో ఉన్నట్టు వచ్చింది. స్క్రీన్ వెలుగు పూర్తిగా పెంచుకుని ఎడిట్ చేయడమే కారణం. స్క్రీన్ తనే వెలుగుతుంది, కాగితం తన మీద పడ్డ వెలుగును మాత్రమే తిప్పి పంపుతుంది. పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుని, స్క్రీన్‌లోని తెలుపు దానికి దగ్గరగా కనిపించేదాకా వెలుగు తగ్గించి, మళ్లీ సరిచేశాను.

వెబ్ కాపీని కూడా అసలు ఫైలు నుంచే కొత్తగా చేశాను. జేపెగ్ అంటే ఫోటోను కుదించి దాచే ఫైలు, దాన్ని మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది కాబట్టి పాత కాపీ మీద మళ్లీ పనిచేయడం మంచిది కాదు. అసలు ఫైలు అడోబ్ ఆర్‌జీబీ అనే, ఎక్కువ రంగులు పట్టే రంగుల పద్ధతిలో ఉంది. దాన్ని వెబ్‌లో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీలోకి కన్వర్ట్ చేయకపోతే కొన్నిచోట్ల రంగులు వెలవెలబోతాయి. ముందు సైజు తగ్గించి, షార్పెనింగ్ (అంచులు స్పష్టంగా కనిపించేలా చేయడం) ఆ తర్వాత చేశాను. చివరగా ఫైలులో ఉన్న లొకేషన్ వివరాలు తీసేశాను. అమ్మమ్మ ఇల్లు ఎక్కడుందో ఫోటో చూసేవాళ్లందరికీ తెలియాల్సిన పనిలేదు.

ఇప్పుడు ఒక ఫోల్డర్‌లో మూడు ఫైళ్లున్నాయి: ఎవరికీ పంపని అసలుది, ప్రింట్‌ది, వెబ్‌ది. పేర్లలోనే ఏది దేనికో రాసిపెట్టాను. పెద్ద ప్రింట్ నిన్ననే వచ్చింది. అమ్మమ్మ ఎడమ కంటి కింద చిన్న పుట్టుమచ్చ కూడా కనిపిస్తోంది.