నీ టికెట్టు పైసలు ఇచ్చేస్తే అయిపోతుండె గదా

ఈ మాట మా అమ్మది. 2022 ఏప్రిల్‌లో శంషాబాద్‌లో దిగి మెట్టుగూడ ఇంటికి వచ్చాను. సూట్‌కేసుల ట్యాగులైనా పీకకముందే, వచ్చే నెల 8న క్వయర్ ప్రోగ్రాం పెడుతున్నామని, టికెట్లు అమ్మిన డబ్బు తలసీమియా అనే రక్తం జబ్బున్న పిల్లలకు ఇస్తామని చెప్పాను. అమ్మ మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి, "ఎంత వస్తయి?" అంది.

"లక్ష దాటితే గొప్ప."

"నీకూ పిల్లగానికీ విమానం టికెట్లకు ఎంతైంది?"

మాంచెస్టర్ నుంచి దుబాయ్ మీదుగా, రానూ పోనూ, ఇద్దరికీ లక్షా ముప్పై వేల చిల్లర. చెప్పాను. అమ్మ తన మాట తను అనేసి, పప్పు మాడుతోందని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ పూర్తిగా లేదు.

నేను ఇంగ్లండ్ ఉత్తరాన ఒక ఊళ్ళో ప్రభుత్వాసుపత్రిలో నర్సుని. వెళ్ళింది 2017లో. పొద్దున ఏడున్నరకు ఎక్కితే రాత్రి ఎనిమిదికి దిగే డ్యూటీలు. వాటిని అక్కడ లాంగ్ డే అంటారు, పేరు పెట్టినవాళ్ళు నిజాయితీపరులు. కొత్తలో వార్డులో నా ఇంగ్లీషుకు రోజుకు పదిసార్లు 'పార్డన్?' అనేవాళ్ళు. ముఖ్యంగా 'హోమ్', 'ఫోన్', 'స్లో' లాంటి మాటలకు. మన 'ఓ' మొదలైన చోటే నిలబడుతుంది. వాళ్ళది 'ఓ' దగ్గర మొదలై 'ఊ' వైపు జారుతుంది. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి ఆ జారుడు నేర్చుకునేదాన్ని.

ఒకరోజు క్యాంటీన్ గోడ మీద స్టాఫ్ క్వయర్ కాగితం చూసి గురువారం సాయంత్రం వెళ్ళాను. పదేళ్ళ వయసు నుంచీ మా చర్చిలో క్రిస్మస్ సోలో నాదే, కాబట్టి కొంచెం బడాయిగానే వెళ్ళాను. క్వయర్ నడిపే పెద్దాయన నా గొంతు విని ఆల్టోల వరసలో, అంటే ఆడవాళ్ళలో కింది స్థాయి గొంతులవాళ్ళ దగ్గర, నిలబెట్టారు. పాట అని జనం గుర్తుపట్టే వరస పైస్థాయిలో పాడే సోప్రానోలది. ఆల్టో దాని కింద ఉంటుంది. విడిగా పాడితే అది పాటలా కూడా ఉండదు, రెండు మూడు స్వరాల మధ్య గానుగెద్దులా తిరుగుతుంది. ఇంట్లో ప్రాక్టీసు చేస్తుంటే మా ఆయన పావుగంట ఓపికపట్టి, "అసలు పాట ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగారు.

మూడో వారం ఆ పెద్దాయన అందర్నీ ఆపి నా 'ఓ' వినమన్నారు. ఎంత సాగదీసినా జారని 'ఓ'. క్వయర్‌లో అచ్చు మొదట్నుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి, లేకపోతే ముప్పైమంది ముప్పై రకాలుగా జారి పాట గంజి అయిపోతుంది. వార్డులో తప్పయిన 'ఓ' ఇక్కడ ఒప్పయింది! ఆ తర్వాత అద్దం ముందు నిలబడటం మానేశాను.

ఆ క్వయర్ ప్రతి డిసెంబర్‌లో ఊరి బజారులో నిలబడి పాడి, ఏదో ఒక ఆసుపత్రి వార్డుకు డబ్బులు పోగుచేసేది. వీధిలో చందా పట్టాలంటే కౌన్సిల్ పర్మిషన్ కావాలి. బకెట్లకు మూతలు పెట్టి సీలు వేస్తారు. విప్పేటప్పుడు ఇద్దరుండాలి, లెక్క రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. నాకు నచ్చింది ఈ క్రమశిక్షణ ఒక్కటే కాదు. అక్కడ అడగడం తేలిక. దారినపోయేవాళ్ళు మన మొహం చూడకుండా నాణెం వేసి పోతారు. ఎవరు వేశారో మనకు తెలియదు, వేయనివాళ్ళు ఎవరో అసలే గుర్తుండదు. మెట్టుగూడలో ఎవరు వేయలేదో వాళ్ళ మనవల పేర్లతో సహా తెలుస్తుంది.

తలసీమియానే ఎందుకంటే, మా గల్లీలో ఒక పాప ఉండేది. నేను నర్సింగ్ చదివేటప్పుడు ఒకట్రెండుసార్లు రక్తం ఎక్కించడానికి వాళ్ళమ్మతో కలిసి తీసుకెళ్ళాను. ఆ జబ్బు తీవ్రరూపంలో ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం కావాలి, బతికినన్నాళ్ళూ. రక్తం ఎక్కిస్తే సరిపోదు. ఒక్కో బ్యాగుతో 200 మిల్లీగ్రాములకు పైగా ఐరన్ ఒంట్లోకి చేరుతుంది, దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. అది గుండెలో, కాలేయంలో పేరుకోకుండా రోజూ మాత్రలు వాడాలి. ఈ పిల్లలకు రక్తానికి డబ్బు తీసుకోరు గానీ రక్తం వడకట్టే ఫిల్టర్లు, మాత్రలు, పరీక్షలు ఉంటాయి. జిల్లాల నుంచి రాత్రి బస్సెక్కి వచ్చే తల్లిదండ్రులకు ఆ రోజు కూలీ కూడా పోతుంది. వేసవిలో ఇంకో బాధ. కాలేజీలకు సెలవులిస్తారు కాబట్టి రక్తదాన శిబిరాలుండవు, రక్తం దొరకదు. మే 8 ప్రపంచ తలసీమియా దినం, ఆ ఏడాది ఆదివారం వచ్చింది. అదే రోజు మదర్స్ డే అని మాత్రం టికెట్లు అచ్చు వేయించాక తెలిసింది.

అక్కడి క్వయర్‌లో ఈ సంగతి తెలిసి, వాళ్ళు కేకులు చేసి అమ్మి నాలుగు వందల పౌండ్లు తెచ్చి నా చేతిలో పెట్టారు. తీసుకోలేకపోయాను. మనదేశంలో స్వచ్ఛంద సంస్థ విదేశీయుల డబ్బు తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట దిగాల్సింది ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే. మేం ఎంచుకున్న చిన్న సంస్థకు ఆ రిజిస్ట్రేషన్ లేదు. నాది ఇండియన్ పాస్‌పోర్టు, నా జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. "అయితే ఇది కూడా నీ డబ్బే అని పంపెయ్" అని ఒకావిడ సలహా ఇచ్చింది. ఇవ్వడానికి ఎవరూ దొంగదారి పట్టనక్కర్లేదని చెప్పాను. ఆ నాలుగు వందలు వాళ్ళ ఊరి పిల్లల వార్డుకే వెళ్ళాయి.

హైదరాబాద్ క్వయర్‌తో ప్రాక్టీసు ఫిబ్రవరి నుంచే మొదలుపెట్టాం. నాలుగు గొంతుల వరసలు విడివిడిగా రికార్డు చేసి వాట్సాప్‌లో పంపేదాన్ని. నేను డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి ఇక్కడ రాత్రి రెండు దాటేది. అన్నిటికంటే కిందుండే బేస్ వరస నా గొంతుకు అందక మా ఆయనతో పాడించాను. అది విని సికింద్రాబాద్‌లో రిటైరైన టీటీ అంకుల్ ఒకాయన, "ఈ బాబుకు జలుబు తగ్గినంక మళ్ళ పంపమను" అని మెసేజ్ పెట్టారు.

మొత్తం ఇరవై ఆరు మందిమి. సగం చర్చి క్వయర్‌లవాళ్ళు, నలుగురు ఐటీ ఉద్యోగులు, ఒక బ్యాంకు ఆయన, మా పక్కవీధి సంగీతం టీచరమ్మ. పాటలు తెలుగువే, జానపదాలు, ఒక తత్వం, రెండు ప్రార్థనా గీతాలు. వాటికి నాలుగు గొంతుల అల్లిక నేనూ కీబోర్డు తమ్ముడూ కూర్చుని చేశాం. టీటీ అంకుల్ పాత మిషన్ స్కూల్లో చదివారు, టానిక్ సోల్ఫా వచ్చు. డో రే మీ అక్షరాల్లో రాసిస్తే చాలు, కీబోర్డు కూడా అక్కర్లేదు. టీచరమ్మకు సరిగమలు. ఇద్దరూ ఒకరి కాగితం ఒకరు అనుమానంగా చూసుకున్నారు గానీ పది నిమిషాల్లో కలిసిపోయారు. డో ఎక్కడ పెడితే అక్కడ, స కూడా ఎక్కడ పెడితే అక్కడే కదా. ఐదు గీతల నొటేషన్ చూసి ఇప్పటికీ తడబడేది నేనే.

టీచరమ్మ గమకం మాత్రం పెద్ద గొడవైంది. మూడు గొంతులు కదలకుండా నిలబడితేనే హార్మనీ వినిపిస్తుంది, ఆవిడ గాంధారం ఊయల ఊగుతుంది. "అమ్మా, కొంచెం నిలపండి" అని నేను, "నిలిపితే అది రాగమే కాదమ్మా" అని ఆవిడ. న్యాయం ఆవిడ వైపే ఉంది. చివరికి తత్వం ఆవిడ సొంతంగా ఐదున్నర శృతిలో పాడేట్టు, మేమంతా కింద తంబురాలా నిలబడేట్టు మార్చాం. ప్రోగ్రాంలో బాగా కుదిరిన పాట అదే.

బాగా కుదరనిది ఆల్టోలు. ఆరుగురికీ వాళ్ళ వరస విడిగా వచ్చు. సోప్రానోలు పక్కన నిలబడగానే ఆరుగురూ అటే పోయేవాళ్ళు. వేరే గదిలో నేర్పాను, చెవిలో వేలు పెట్టుకోమన్నాను, మధ్యలో బేస్‌వాళ్ళను గోడలా నిలబెట్టాను. ఒకమ్మాయి విసుగొచ్చి, "అక్కా, మేం తప్పు పాడుతున్నట్టే ఉంటది, మా ఇంట్లోవాళ్ళు వచ్చి వింటరు" అంది. ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తెలుసు. నేనూ ఆ మాటే అనుకుంటూ మొదటి నెల గడిపాను. చెప్పలేదు, ఇంకోసారి పాడించాను.

టికెట్టు మూడు వందలు. ఐదు వందలు దాటకపోతే సంగీత కార్యక్రమాలకు జీఎస్టీ ఉండదని బ్యాంకు ఆయన చెప్పారు. అమ్మడానికి బయల్దేరితే నాలుగు ఇళ్ళలో మూడింట, "పాసులు లేవా?" అన్నారు. ఐదో ఇంట్లో ఆంటీ నా కొడుకు బుగ్గ గిల్లి, "లండన్ల ఉంటవ్, నువ్వే ఓ లక్ష పారేయరాదూ?" అంది. నేనుండేది లండన్ కాదని ఐదేళ్ళుగా చెప్తూనే ఉన్నాను. కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆంటీ అన్నది అమ్మ అన్న మాటే. బయటికెళ్ళినవాళ్ళు ఇచ్చేవాళ్ళు, వాళ్ళు చేయి చాపితే చూసేవాళ్ళకు ఇబ్బందిగా ఉంటుంది. పైగా అప్పట్లో విదేశీ నంబరుతో యూపీఐ పనిచేసేది కాదు. ఊరంతా క్యూఆర్ కోడ్ మీద నడుస్తుంటే, టికెట్లు అమ్ముకుంటూ తిరిగే నేను కొబ్బరిబోండానికి నలభై రూపాయలు అమ్మ ఫోన్‌లోంచి కట్టించేదాన్ని.

డబ్బు లెక్క ఇద్దరు కలిసి చూడాలి, రోజూ సంతకాలు పెట్టాలి అన్నప్పుడు పెద్దవాళ్ళ మొహాలు మారాయి. "మా మీద నమ్మకం లేదా?" అని ఒకాయన లేచారు. కాపాడింది టీటీ అంకులే. "ముప్పై ఆరేళ్ళు రైల్ల రసీదు బుక్కు పట్టుకొని తిరిగిన. రసీదు లేకుంట పైసా ముట్టుకుంటే నాకు నిద్ర పట్టది" అని పుస్తకం లాక్కున్నారు. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేకపోయారు. కిరాణా షాపు సేటు ఐదు వేలు నగదు ఇచ్చి 80జీ రసీదు అడిగితే, రెండు వేలు దాటిన నగదుకు పన్ను మినహాయింపు రాదని చెప్పి చెక్కు రాయించుకున్నదీ ఆయనే.

చీఫ్ గెస్ట్ వద్దన్నాను. నా మాట నెగ్గలేదు. ఫ్లెక్సీ మీద నా ఫొటో వద్దన్నాను. తమ్ముడి స్నేహితుడు వేయించనే వేయించాడు, పెళ్ళినాటి ఫొటో. గెస్టుగా వచ్చిన నాయకుడు గంటా పది నిమిషాలు ఆలస్యం. ఇక ఆగలేక మొదలుపెట్టాం. తత్వం అయ్యి, తర్వాతి పాట సగంలో ఉండగా ఆయన వెనకాల ఇరవైమందితో హాల్లోకి వచ్చారు. యాంకరమ్మాయి మైకు అందుకుని "స్వాగతం, సుస్వాగతం" అంది. మేమంతా ఆగిపోయాం, టీటీ అంకుల్ ఒక్కరే బేస్ వరస కొసదాకా పాడి ముగించారు. శాలువా, మెమెంటో, పాతిక నిమిషాల ప్రసంగం. మళ్ళీ ఎత్తుకునేసరికి కీబోర్డు తమ్ముడు తత్వానికి పెట్టిన ట్రాన్స్‌పోజ్ (కీబోర్డు శృతిని జరిపే మీట) తీయడం మర్చిపోయాడు. కంగారులో ముందు సగంలోనూ అదే మర్చిపోయాడట, అక్కడ ఎలాగో గట్టెక్కాం. ఈసారి పైస్థాయిలో సోప్రానోల గొంతులు కీచుమన్నాయి. వింత ఏమిటంటే, ఆ ఎత్తుకు పోలేక ఆల్టోలు ఆరుగురూ తమ వరసలోనే ఉండిపోయారు. మూడు నెలల్లో మొదటిసారి.

మధ్యలో డాక్టరమ్మ ఐదు నిమిషాలు మాట్లాడింది. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే, అంటే తమకు జబ్బు లేకున్నా దాని జన్యువు మోసేవాళ్ళయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే ప్రమాదం నాలుగింట ఒక వంతు ఉంటుందని, హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్షతో ముందే తెలుసుకోవచ్చని. అప్పటికి సమోసాలు వచ్చేశాయి. విన్నవాళ్ళు విన్నారు.

జనరేటర్ డీజిలు, సౌండు, శాలువాలు పోను మిగిలింది లక్షా పద్దెనిమిది వేల నాలుగు వందలు. మొత్తం సంస్థ ఖాతాలోకే వెళ్ళింది. నా విమానం ఖర్చు కంటే తక్కువే. అమ్మకు కాగితం చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూసింది. "నలభై మూడు టికెట్లు నేనే అమ్మిన, అది రాయలే" అంది. రాశాను.

వారం తర్వాత క్వయర్‌వాళ్ళే చర్చి వరండాలో రక్తదాన శిబిరం పెట్టారు. హిమోగ్లోబిన్ పన్నెండున్నర లేదని మా ఆల్టోల్లో నలుగురిని వెనక్కి పంపేశారు. టీటీ అంకుల్‌కు అరవై ఏడు. అరవై ఐదు దాటినవాళ్ళ రక్తం తీసుకోరని చెబితే, ఆయన ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. అయినా పద్నాలుగు బ్యాగులు వచ్చాయి. అప్పటికి నేను ఇంగ్లండ్‌లో డ్యూటీలో చేరిపోయాను, ఫొటోలు బ్రేక్‌లో చూశాను.

వాళ్ళు ఇప్పటికీ మంగళవారాలు కలుస్తారు. రికార్డింగులు పంపుతారు. నైట్ డ్యూటీలో మూడు గంటలకు, స్టాఫ్ రూమ్‌లో టీ చల్లారుతుంటే ఒక చెవిలో పెట్టుకుని వింటాను. ఆల్టోలు మళ్ళీ సోప్రానోల వెనకే పోతున్నారు.