ఓపెన్‌స్టాక్ పరీక్షకు చదువుతున్న మిత్రులకు: వీఎం ఎక్కడ ఆగిందో ముందు తేల్చుకోండి

సొంత సర్వర్ల మీద క్లౌడ్ నడిపించే ఓపెన్‌స్టాక్ సాఫ్ట్‌వేర్‌కు సంబంధించిన సర్టిఫైడ్ ఓపెన్‌స్టాక్ అడ్మినిస్ట్రేటర్ పరీక్షకు సిద్ధమవుతున్న మిత్రుల కోసం, ముఖ్యంగా నగరాలకు వెళ్లకుండా అమలాపురం, పాలకొల్లు, భీమవరం వంటి ఊళ్లలో ఇంటి దగ్గరే ఉండి చదువుకుంటున్నవారి కోసం ఈ అనుభవాలు రాస్తున్నాను. ఇది నడుస్తున్న వ్యవస్థ మీద పని చేసి చూపించవలసిన పరీక్ష. అందువల్ల ట్రబుల్‌షూటింగ్‌ను సిలబస్ చివరి అధ్యాయంగా పక్కన పెట్టకుండా, మొదటి నుంచీ ప్రతి అంశాన్నీ 'ఇది పని చేయకపోతే ఎలా తెలుస్తుంది' అనే వైపు నుంచే చదవమని నా సలహా.

సాధనకు పెద్ద డేటా సెంటర్ అక్కరలేదు. పాలకొల్లులో మా ఇంట్లో 16 జీబీ మెమరీ ఉన్న డెస్క్‌టాప్ మీద ఒక ఉబుంటు వీఎం (వర్చువల్ మెషిన్, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరొక కంప్యూటర్) పెట్టి, అందులో డెవ్‌స్టాక్ (ఓపెన్‌స్టాక్‌ను సాధన కోసం ఒకే మెషిన్ మీద నిలబెట్టే స్క్రిప్టులు) వేసుకున్నాను. తుపాను రోజుల్లో మన ప్రాంతంలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేము, డెవ్‌స్టాక్‌ను రీబూట్ తరువాత మళ్లీ సక్రమంగా నిలబెట్టడం కష్టం. కాబట్టి వ్యవస్థ బాగున్నప్పుడే స్నాప్‌షాట్ (వీఎం అప్పటి స్థితికి నకలు) తీసి ఉంచుకోండి.

ఇక అసలు విషయం. శివారు చేనుకు నీరు అందకపోతే మన డెల్టా రైతు గట్టు మీదే నిలబడిపోడు. పంట బోదె వెంట తూము దాకా, అక్కడి నుంచి లాకుల దాకా నడిచి, నీరు ఎంతవరకు వచ్చిందో చూసుకుంటాడు. వీఎం తయారీ విఫలమైనప్పుడు కూడా తెరమీద కనిపించిన ఎర్రర్ వాక్యాన్ని పట్టుకుని వెతకడం కన్నా, మన అభ్యర్థన ఏ దశ దాకా చేరిందో తేల్చడమే ముందు చేయవలసిన పని.

సర్వర్ల జాబితాలో ఆ వీఎం అసలు కనిపించకపోతే అభ్యర్థన నోవా ఏపీఐ (వీఎంలను తయారుచేసే నోవా అనే భాగంలో అభ్యర్థనలు స్వీకరించే చోటు) దగ్గరే ఆగిందని అర్థం. కోటా (మనకు కేటాయించిన పరిమితి) దాటడం, ఫ్లేవర్ (వీఎం సైజు) లేదా ఇమేజ్ (ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్క్ నమూనా) పేరు తప్పు కావడం, ఇమేజ్ కోరే కనీస డిస్క్ కన్నా ఫ్లేవర్ డిస్క్ చిన్నది కావడం ఇక్కడే బయటపడతాయి. జాబితాలో ఎర్రర్ స్థితితో కనిపిస్తూ హోస్ట్ (వీఎం నడవవలసిన సర్వర్) పేరు ఖాళీగా ఉంటే ముందు షెడ్యూలర్‌నూ (హోస్ట్‌ను ఎంచుకునే భాగం) ప్లేస్‌మెంట్‌నూ (ఏ హోస్ట్‌లో ఎంత ఖాళీ ఉందో లెక్క ఉంచే భాగం) చూడాలి; కంప్యూట్ నోడ్ మీద విఫలమైనా ఈ పేరు ఖాళీ కావచ్చు కాబట్టి, అక్కడ ఏమీ దొరకకపోతే కంప్యూట్ లాగ్‌లూ చూడండి. హోస్ట్ పేరు ఉండి ఎర్రర్ వస్తే ఆ కంప్యూట్ నోడ్ (వీఎంలను నడిపే సర్వర్) లాగ్ చదవాలి. న్యూట్రాన్ (నెట్‌వర్క్ భాగం) పోర్ట్ బైండ్ కాకపోవడం, సిండర్ (డిస్క్ నిల్వ భాగం) వాల్యూమ్ సిద్ధం కాకపోవడం వంటి కారణాలు అక్కడ దొరుకుతాయి. 'ఓపెన్‌స్టాక్ సర్వర్ ఈవెంట్ లిస్ట్' కమాండ్ ఇచ్చే రిక్వెస్ట్ ఐడీతో నోవా సర్వీసుల లాగ్‌లన్నీ వెతికితే వేల వరుసల మధ్య మీకు కావలసిన కొద్ది వరుసలే మిగులుతాయి.

'నో వాలిడ్ హోస్ట్' (తగిన హోస్ట్ దొరకలేదు) అనే ఎర్రర్ రాగానే మెమరీ చాలలేదని చాలామంది నిర్ణయించేస్తారు. కొత్తగా చేర్చిన కంప్యూట్ నోడ్ సర్వీసుల జాబితాలో 'అప్' అని కనిపిస్తున్నా, 'డిస్కవర్ హోస్ట్స్' కమాండ్ ఇచ్చి దాన్ని సెల్‌లో (నోవా కంప్యూట్ నోడ్‌లను చేర్చి ఉంచే గుంపు) నమోదు చేయకపోతే ఆ నోడ్ మీద వీఎం తయారు కాదు. దానిలో ఎన్ని జీబీలు ఖాళీగా ఉన్నా ప్రయోజనం ఉండదు.

హీట్ (కావలసినవన్నీ ఒక ఫైల్‌లో రాసిస్తే తయారు చేసే ఓపెన్‌స్టాక్ భాగం) టెంప్లేట్‌తో వీఎంలను ఆటోమేటిక్‌గా తయారు చేయించేటప్పుడు ఇంకొక పొర చేరుతుంది. స్టాక్ (ఆ టెంప్లేట్‌తో తయారయ్యే మొత్తం సమూహం) విఫలమైతే 'స్టాక్ ఫెయిల్యూర్స్ లిస్ట్' ఏ రిసోర్స్ దగ్గర ఆగిందో చెబుతుంది, కానీ రోల్‌బ్యాక్ (విఫలమైతే చేసినదంతా వెనక్కి తీసేయడం) ఆన్‌లో ఉంటే విఫలమైన వీఎం తొలగిపోయి ఆధారం కూడా పోతుంది కాబట్టి, కారణం వెతుకుతున్నంత కాలం దాన్ని ఆఫ్‌లోనే ఉంచండి. వెయిట్ కండిషన్ (వీఎం లోపలి నుంచి సంకేతం వచ్చేదాకా ఆగమనే షరతు) ఉన్న టెంప్లేట్లలో వీఎం 'యాక్టివ్' అయినా స్టాక్ గడువు ముగిసేదాకా వేచి ఉండి విఫలం కావచ్చు. హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) వీఎంను నడపడం మొదలుపెట్టిందనే 'యాక్టివ్' తెలియజేస్తుంది. లోపల ఆపరేటింగ్ సిస్టమ్ లేచిందా, క్లౌడ్-ఇనిట్ (మొదటిసారి లేచినప్పుడు వీఎంను సిద్ధం చేసేది) స్క్రిప్టు పూర్తయిందా అన్నవి కన్సోల్ లాగ్‌లోనే తెలుస్తాయి. నా అభిప్రాయంలో అభ్యర్థులు అన్నిటికన్నా తక్కువ సాధన చేసే చోటు ఇదే.

ఒంటరిగా చదివితే మనం చెడగొట్టినదే మనం బాగుచేస్తాం, అందులో వెతుకులాట ఉండదు. రాజోలులో ఉన్న ఒక మిత్రుడూ నేనూ ఒకరి ల్యాబ్‌లోకి మరొకరం లాగిన్ అయి ఒక లోపం పెట్టి, ఏమీ చెప్పకుండా బయటికి వచ్చేవాళ్లం. ఆయన పెట్టినవాటిలో మంచిది న్యూట్రాన్ మెటాడేటా ఏజెంట్‌ను (వీఎంకు ఎస్ఎస్‌హెచ్ కీ వంటి వివరాలు అందించే సర్వీసు) ఆపివేయడం: వీఎం యాక్టివ్‌గా ఉంటుంది, పింగ్ వెళుతుంది, ఎస్ఎస్‌హెచ్ మాత్రం కీని తిరస్కరిస్తుంది. కన్సోల్ లాగ్ చూస్తే వీఎం ఆ వివరాలు అడిగే 169.254.169.254 చిరునామాకు జవాబు రావడం లేదని కనిపిస్తుంది. అదే ఉబుంటు ఇమేజ్‌తో కాన్ఫిగ్ డ్రైవ్ (అవే వివరాలను నెట్‌వర్క్ ద్వారా కాకుండా వీఎంకు తగిలించిన చిన్న డిస్క్ ద్వారా ఇచ్చే పద్ధతి) ఆన్ చేసి మరొక వీఎం తయారు చేయండి. దానిలోకి కీతో లాగిన్ కాగలిగితే ఇమేజ్‌లోనూ కీలోనూ లోపం లేదని, తెగిపోయింది మెటాడేటా దారేనని రుజువవుతుంది.