కార్బొరేటర్ తప్పేం లేదు

నా పాత కారు ఐడ్లింగ్‌లో చక్కగా నడిచేది. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టగానే మాత్రం ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి, ఓ కుదుపు కుదిపి అప్పుడు కదిలేది. రెండు నెలలు ఇదే గొడవ. గట్టిగా తొక్కితే పర్లేదు, మెల్లగా నొక్కితేనే తేడా. అసలు ఆచూకీ అందులోనే ఉందని నాకు చాలా ఆలస్యంగా వెలిగింది.

పికప్‌లో తేడా వస్తే ఎవరి చెయ్యైనా ముందు పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటర్ మీదికే పోతుంది. నేనూ రెండుసార్లు విప్పి, జెట్లు కడిగి, గాలి కొట్టి బిగించాను, ఏమీ మారలేదు. నిజానికి విప్పక్కర్లేకుండానే చూసుకోవచ్చు: ఇంజిన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ తీసి, లోపలికి చూస్తూ థ్రాటిల్‌ని చేత్తో తిప్పితే ఆ క్షణంలోనే పెట్రోలు సన్నటి ధారగా చిమ్మాలి. ఆగి ఆగి వస్తే ఆ ధారని చిమ్మించే యాక్సిలరేటర్ పంపు చూసుకోవాలి. (ఎస్‌యూ రకం కార్బొరేటర్లకి ఈ పంపు ఉండదు, వాటికి పైనుండే డాష్‌పాట్ అనే గిన్నెలో ఆయిల్ ఉందో లేదో చూడాలి.) నాది బాగానే చిమ్మింది.

దాంతో స్పార్కుని సిలిండర్లకి పంచే డిస్ట్రిబ్యూటర్ దగ్గరికొచ్చాను. ముందు పాయింట్ గ్యాప్ (స్పార్క్ కోసం కరెంటుని తెంచే పాయింట్ల మధ్య సందు), తర్వాతే టైమింగ్ (స్పార్క్ ఎప్పుడు పడాలన్నది). గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుని టైమింగ్ ముందుకి జరుగుతుంది, తగ్గితే వెనక్కి పోతుంది, కాబట్టి వరస తప్పితే చేసిన పనంతా మళ్ళీ మొదటికొస్తుంది. ఇంజిన్ పీల్పుని డిస్ట్రిబ్యూటర్‌కి తెచ్చే వాక్యూమ్ గొట్టం పీకి, దాని మూతి మూసి టైమింగ్ లైట్ (స్పార్క్ పడినప్పుడల్లా మెరిసే దీపం) వేస్తే ఇంజిన్ పుల్లీ మీది గీత మాన్యువల్లో చెప్పిన చోటే ఉంది. రేస్ చేస్తే సాఫీగా జరిగింది కూడా, అంటే స్పీడుని బట్టి టైమింగ్ మార్చే లోపలి బరువులు, స్ప్రింగులు బాగున్నట్టే.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు. కానీ ఐడ్లింగ్‌లో పిస్టన్ పైకి చేరడానికి 10 డిగ్రీల ముందు స్పార్క్ పడే పాత ఇంజిన్‌కి 3,000 ఆర్‌పీఎం దాటేసరికి చాలావరకు 30 పైనే కావాలి, దానిమీద లోడుని బట్టి వాక్యూమ్ ఇంకొంచెం కలుపుతుంది. ఈ కదలికలో ఎక్కడ అడ్డంపడినా కుదుపు తప్పదు.

గొట్టం ఎలాగూ పీకి ఉంది కదా అని అలాగే ఓ చుట్టు తిరిగొచ్చాను. కుదుపు లేదు! గొట్టం పెట్టాను, మళ్ళీ వచ్చింది. సంతోషంతో చేతులు వణికాయంటే నమ్మండి, అన్ని రోజుల తర్వాత మొదటిసారి తప్పు ఎక్కడుందో తెలిసింది.

ఆ పీల్పుకి కదిలి పాయింట్లున్న ప్లేటుని లాగే డయాఫ్రమ్ (పల్చటి పొర) చిరిగిందేమోనని ఓ శుభ్రమైన గొట్టం తగిలించి నోటితో పీల్చాను. ప్లేటు కదిలింది, నాలుకతో మూసి పట్టుకుంటే అలాగే నిలబడింది, అంటే చిరుగు లేదు. అప్పుడు కనబడింది, ప్లేటు కదిలినప్పుడల్లా దాంతోపాటు వంగుతున్న, ప్లేటుని డిస్ట్రిబ్యూటర్ బాడీకి కలిపే ఎర్త్ వైరు. బెత్తెడు కూడా ఉండదు. పైన తొడుగు చెక్కుచెదరలేదు, కానీ రెండు వేళ్ళతో మెల్లగా లాగితే రబ్బరులా సాగింది! లోపల రాగి పోగులు దాదాపు అన్నీ తెగిపోయి ఉన్నాయి. కాలు మెల్లగా నొక్కినప్పుడు వాక్యూమ్ ప్లేటుని లాగుతుంది, వైరు వంగుతుంది, స్పార్క్ తప్పుతుంది. గట్టిగా తొక్కితే వాక్యూమే పడిపోతుంది కాబట్టి ప్లేటు కదలదు, బండి బాగుంటుంది.

సన్నటి పోగులు ఎక్కువున్న మెత్తటి వైరు వేశాను. మందపు వైరు వేస్తే ప్లేటు కదలికకి అడ్డుపడుతుంది, వంగి వంగి అదీ తెగుతుంది. గ్యాప్, టైమింగ్ మళ్ళీ చూసుకుని గొట్టం పెట్టాను. కుదుపు పోయింది.

మీ బండికి గొట్టం పీకినా కుదుపు అలాగే ఉంటే డిస్ట్రిబ్యూటర్ ప్లేటుని అనుమానించడం మాని, మానిఫోల్డ్ (కార్బొరేటర్ నుంచి ఇంజిన్‌లోకి వెళ్ళే దారి) గాస్కెట్ దగ్గర గాలి లీకేమో చూడండి. పుల్లీలో రబ్బరు పొర ఉన్న ఇంజిన్ అయితే బయటి రింగు జారి గీతే అబద్ధం చెప్తూ ఉండొచ్చు, కాబట్టి లైట్ నమ్మేముందు మొదటి సిలిండర్ పిస్టన్ పూర్తిగా పైకొచ్చినప్పుడు గీత సున్నా మీద ఉందో లేదో ఒకసారి చూసుకోండి.