బూరుగు కోసం ఒక రోజంతా

పొద్దున లేవగానే మా పిల్లి బూరుగు మలమూత్రాలకి వెళ్లే లిట్టర్ ట్రే, అంటే ఇసుకలాంటి పొడి పోసిన పళ్లెం, చూశాను. మూత్రానికి గడ్డకట్టిన ఉండలు రెండు ఉన్నాయి, మలం మాత్రం లేదు. నిన్నా లేదు. మొన్న రాత్రి వేసింది కూడా రెండే గుళికలు, ఎండిన మట్టి ఉండల్లా. మామూలుగా వాడు రోజుకొకసారి వెళ్తాడు. వాడికిప్పుడు 11 ఏళ్లు.

నేను చూస్తుండగానే వాడు ట్రేలోకి దిగి, వీపు వంచి ముక్కాడు. తోక మొదలు వణికింది. సన్నగా అరిచాడు. ఏమీ రాలేదు. బయటకొచ్చి, రెండడుగులు వేసి, మళ్లీ దిగాడు. ఆ అరుపు వింటే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.

మగ పిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకమే అనుకుంటాం గానీ, మూత్రం ఆగిపోయినా అచ్చం అలాగే కూర్చుంటుంది, అలాగే అరుస్తుంది. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. అలాంటప్పుడు గుమ్మడికాయ గుజ్జూ నీళ్లూ అంటూ ఇంటి వైద్యంతో కూర్చోకూడదు, అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. అందుకే ఆ రెండు ఉండల్నీ పారతో తీసి మరీ చూశాను. ఎప్పటి సైజులోనే ఉన్నాయి, ఒకటి ఇంకా తడిగా ఉంది. అప్పుడు గానీ నా గుండె కుదుటపడలేదు.

అయినా డాక్టరు గారికి ఫోన్ చేశాను. వాంతులున్నాయా, తింటున్నాడా, మూత్రం ఎప్పుడు పోశాడు అని వరసగా అడిగారు. పోయిన నెల చేయించిన కిడ్నీ పరీక్ష బాగానే వచ్చిందని గుర్తు చేశాను. "సరేనమ్మా, ఇవాళ ఇంట్లోనే చూడండి. రేపు పొద్దుటికి కాకపోతే తీసుకురండి. వాంతి చేసుకున్నా, తిండి మానేసినా, మూల చేరి పడుకున్నా మాత్రం రేపటిదాకా ఆగొద్దు" అన్నారు.

తమ్ముడు పది గంటలకి ఫోన్ చేశాడు. "అక్కా, మనం వేసుకునే విరేచనాల మందే కొంచెం వెయ్యొచ్చుగా?" అన్నాడు. వాడూ ప్రేమతోనే అన్నాడు. కానీ వద్దురా అని గట్టిగా చెప్పాను. మనుషులకి వాడే ఎనిమాల్లో ఫాస్ఫేట్ ఉన్న రకం పిల్లుల్ని చంపేస్తుంది. నోట్లో నూనె పొయ్యడమూ ప్రమాదమే, పొరపోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పిల్లులకి ఇచ్చే విరేచనకారులు లేకపోలేదు, అయితే ఏది, ఎంత అన్నది డాక్టరు చెప్పాలి.

నేను చెయ్యగలిగింది ముఖ్యంగా ఒకటే, వాడి ఒంట్లోకి నీళ్లు ఎక్కించడం. పిల్లుల పూర్వీకులు ఎడారి ప్రాంతాల అడవి పిల్లులు. నీటిని చాలామటుకు వేటలోంచే పొందేవి, అందుకే వీటికి దాహం తక్కువ. పొడి మేతలో నీరు పదో వంతే ఉంటుంది, తడి మేతలో నాలుగింట మూడొంతుల పైనే. ఒంట్లో నీరు తగ్గితే పెద్దపేగు మలంలోని తడిని కూడా లాగేసుకుంటుంది. లోపల నిలవున్న కొద్దీ అది గట్టిపడుతుంది, గట్టిపడితే నొప్పి, నొప్పికి భయపడి వాడు ట్రే వైపే వెళ్లడు, ఇంకా గట్టిపడుతుంది. బూరుగు రెండు రోజులుగా ఈ గొలుసులోనే చిక్కుకుని ఉన్నాడని తలుచుకుంటే బాధేసింది. పోయిన వారమంతా నా పని ఒత్తిడిలో పడి వాడికి పొడి మేతే పెట్టాను.

ఇవాళ తడి మేతలో గోరువెచ్చని నీళ్లు కలిపి పల్చగా చేసి, కొద్దికొద్దిగా నాలుగుసార్లు పెట్టాను. మధ్యాహ్నం అందులోనే ఒక చెంచాడు గుమ్మడికాయ గుజ్జు కలిపాను. ఉప్పూ తీపీ ఏమీ లేకుండా ఉడికించి మెదిపిందే. దాని సంగతీ డాక్టరు గారిని ముందే అడిగాను. పీచు అన్ని పిల్లులకీ పడదట. ఒంట్లో నీరు లేనప్పుడు పీచు ఎక్కువైతే లోపల ఇంకా ఉబ్బి కూర్చుంటుంది. పేగు సాగిపోయిన పిల్లులకైతే అది మేలు కన్నా కీడే చేస్తుందట.

నీళ్ల గిన్నె ఇన్నాళ్లూ ట్రే పక్కనే పెట్టాను. నా తప్పే. దాన్ని తీసి కిటికీ దగ్గరొకటి, మంచం పక్కనొకటి వెడల్పాటి గిన్నెలు పెట్టాను. ట్రే మొత్తం ఖాళీ చేసి, కడిగి, కొత్త లిట్టర్ పోశాను. అంచు ఎత్తుగా ఉంటే ముసలి కీళ్లకి దిగడం కష్టమని, అంచు తక్కువున్న ఇంకో ట్రే కూడా వేశాను. సాయంత్రం బొచ్చు దువ్వితే గుప్పెడు వచ్చింది. అదంతా నాకి మింగితే మలంలోనే కదా చేరేది. తర్వాత తాడుతో పావుగంట ఆడించాను. కదిలితే పేగూ కదులుతుంది.

కడుపు నొక్కి చూడాలని చాలాసార్లు చెయ్యి చాచాను, నొప్పి పెడతానేమోనని ఆగిపోయాను. వాడు మాత్రం నా ఒళ్లోకొచ్చి గుర్రుగుర్రుమంటూ పడుకున్నాడు.

రాత్రి 9.40కి చిన్న అంచు ట్రేలోంచి చప్పుడు వినిపించింది. లేస్తే బెదురుతాడని కుర్చీలోంచి కదల్లేదు. చాలాసేపు ముక్కాడు. ఈసారి అరవలేదు. మొదటిది గట్టి ముక్క, దాని వెనకే మెత్తగా, పొడవుగా ఇంకొకటి. నెత్తురు చారలేమీ లేవు. వాడు ఆ ట్రేలో లిట్టరంతా గది నిండా చిమ్మేలా కప్పెట్టి, తిన్నగా గిన్నె దగ్గరికెళ్లి మిగిలిన తడి మేత తినేశాడు.

డాక్టరు గారికి మెసేజ్ పెట్టాను. ఈ నెలలో ఇలా అవడం ఇది రెండోసారి కాబట్టి, ఎల్లుండి ఒకసారి చూపించమన్నారు. ట్రే పక్కన గోడకి ఒక కాగితం అతికించి, ఇవాళ్టి తేదీ, టైమూ రాశాను.