బీరుట్‌కి ఒక్క లైను

2015 నవంబర్ 12 రాత్రి. దుబాయ్‌లో మా పక్క ఫ్లాట్ లెబనాన్ అతను ఫోన్ చెవికి పెట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాడు. బీరుట్‌లో, వాళ్ల అమ్మ ఉండే బుర్జ్ అల్ బరాజ్నెలో జంట పేలుళ్లు. 40 మందికి పైగా చనిపోయారు. నేను చూస్తున్న ఛానల్లో కింద ఒక్క లైను స్క్రోలింగ్. బయటి పత్రికలు కొన్ని ఆ పేటని 'హెజ్బొల్లా కంచుకోట' అన్నాయి (హెజ్బొల్లా అంటే లెబనాన్‌లోని ఓ సాయుధ షియా పార్టీ). రొట్టె కొనుక్కోడానికి వచ్చినవాళ్లకి కంచుకోట ఏంటి?

మర్నాడు పారిస్‌లో ఉగ్రదాడులు. 130 మంది చనిపోయారు. రోజుల తరబడి లైవ్, ఒక్కొక్కరి ఫోటో, కథ. 'నేను క్షేమం' అని అయినవాళ్లకి తెలిపే సేఫ్టీ చెక్‌ని ఫేస్‌బుక్ పారిస్‌కే ఇచ్చింది. ఏడుపొచ్చి నేనూ ఫ్రాన్స్ జెండా రంగులు డీపీకి పెట్టుకున్నా. అతను చూసి మెల్లగా అడిగాడు: "మా జెండా లేదా అందులో?"

వెతికాను. లేదు.

బీరుట్‌లో రెండో బాంబర్‌ని పట్టుకుని ఆపబోయి ప్రాణం వదిలిన తండ్రి పేరు ఆదెల్ తెర్మోస్. ఆ పేరు నాకు చెప్పింది కూడా అతనే.